భద్రాచలం రైలు: ముందు మాట్లాడాల్సింది గ్రామ సభ

భద్రాచలం రోడ్ అన్న బోర్డు చూసి రైలు దిగిన భక్తుడు తీరా చూస్తే ఉండేది కొత్తగూడెంలో. రామాలయానికి అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. బొగ్గు కోసం వేసిన పట్టాలు గోదావరి దాటి రాలేదు.

2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 8 కొత్త మార్గాల్లో మల్కన్‌గిరి–పాండురంగాపురం ఒకటి. భద్రాచలం మీదుగా సుమారు 173 కిలోమీటర్లు సాగే ఈ లైను ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలుపుతుంది. ఆ కబురు వచ్చిన నాటికి తెలంగాణ పల్లెల్లో సర్పంచులు లేరు. పాలకవర్గాల గడువు ఆ జనవరిలోనే ముగిసింది, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. గ్రామ సభకు మాత్రం గడువు తీరడమంటూ ఉండదు. ఊళ్లోని ఓటర్లంతా కూర్చుంటే అదే సభ.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామ సభను గానీ, తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. రైల్వేకు వేరే దారి ఉంది. రైల్వే చట్టం కింద ప్రకటన వెలువడితే అభ్యంతరాలకు ఇచ్చేది 30 రోజులు. ఆ ప్రకటన పత్రికల్లో వస్తుంది. పేపరు చేరని గూడెంలో ఆ 30 రోజులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో తెలిసేదెవరికి? ప్రకటన వచ్చిన రోజే గోండి, కోయ మాటల్లో చాటింపు వేయించడం పంచాయతీ చేతిలో పని. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అడవి విషయం ఇంకా చిక్కు. అటవీ భూమి మళ్లింపుకు గ్రామ సభ సమ్మతి కావాలని 2009లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2013 ఫిబ్రవరిలో రోడ్లు, రైలు మార్గాలు, విద్యుత్ లైన్లకు ఆ షరతు సడలించింది. ఒక్క మినహాయింపు మిగిలింది. ఆదిమ తెగల గుర్తింపు పొందిన హక్కులకు దెబ్బ తగిలే చోట సడలింపు వర్తించదు. ఈ మూడు రాష్ట్రాల సరిహద్దులో ఆదిమ తెగకు చెందిన కొండరెడ్లు ఉన్నారు. ఇక్కడ కీలకమైన మాట 'గుర్తింపు పొందిన'. హక్కు కాగితం మీదికి ఎక్కకపోతే ఆ రక్షణా ఉండదు. అందుకే కొండరెడ్ల ఆవాస హక్కుల దరఖాస్తులు, పెండింగులో ఉన్న పోడు క్లెయిములు సర్వే గొలుసు రాకముందే తేల్చాలని ప్రతి గ్రామ సభా గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు తీర్మానం పంపాలి. 2013 భూసేకరణ చట్టం అటవీ హక్కుదారునూ భూయజమానిగానే లెక్కిస్తుంది. పట్టా చేతిలో లేని పోడు రైతుకు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గుడిసెలేసుకున్న గుత్తికోయలకు ఆ ఆధారమూ లేదు. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది పంచాయతీయే.

సత్తుపల్లి లైను కళ్లెదుటే ఉంది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్లు, ఖర్చులో పెద్ద వాటా సింగరేణిది. బొగ్గు బండ్లు తిరుగుతున్నాయి. ప్రయాణికుల బండి కావాలన్న కోరిక మాత్రం వినతిపత్రాల్లోనే నలుగుతోంది. కొత్త లైనుకూ సరుకు రవాణా పెద్ద కారణమే. కాబట్టి ఏ ఊళ్లో ఆగాలి, ప్లాట్‌ఫారం ఎంత పొడవుండాలి, పశువులు దాటే అండర్‌పాస్ ఎక్కడ పెట్టాలి అన్నది తుది సర్వే దశలోనే సర్వే నంబర్లతో రాసి ఇవ్వాలి. 'రైలు కావాలి' అని ఒక్క ముక్కలో చేసే తీర్మానం వల్ల ఊరికి ఒరిగేదేమీ లేదు.

వరద సంగతి ఊరివాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటి ప్రవహించింది. పల్లంలో రైలు పట్టాల కోసం మట్టికట్ట వేస్తే వాగునీరు వెనక్కి తన్ని పొలాల్లో నిలుస్తుంది. తూములు ఎక్కడ, ఎంత వెడల్పున ఉండాలో చెప్పడానికి 2022 నీటి గుర్తులు గోడల మీద చెరిగిపోకముందే ఫొటోలు తీసి, కొలిచి నమోదు చేసుకోవాలి.

భద్రాచలం ఊరు తెలంగాణలో ఉంది, దాన్ని ఆనుకున్న ఎటపాక 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. రెండు వైపుల పంచాయతీలూ విడివిడిగా రాస్తే రెండు రాష్ట్రాల ఫైళ్లలో రెండు కాగితాలు అవుతాయి. ఒకే తూము, ఒకే స్టేషన్ దారి, ఒకే వాగు గురించి ఇద్దరూ ఒకే మాటగా రాసి, రైల్వేకూ ఇద్దరు కలెక్టర్లకూ పంపాలి. అది ఈ వానలకు ముందే జరగాలి.