పాతబస్తీ రైలు: పట్టాలున్నాయి, భరోసా ఏదీ?

పాతబస్తీలో ఇప్పుడు రైలు మాటంటే మెట్రో మాటే. ఇటు రావాల్సిన మెట్రో లైను ఎంజీబీఎస్ దాకా 2020 ఫిబ్రవరిలోనే వచ్చింది. ఫలక్‌నుమా వైపు 5.5 కిలోమీటర్లు మాత్రం ఆగిపోయాయి. 2024 మార్చి 8న ఫారూఖ్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లకు పెంచారు. ఈ ఎదురుచూపుల్లో ఒక సంగతి మరుగున పడుతోంది. పాతబస్తీకి రైలు కొత్త కాదు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో కాచిగూడ స్టేషన్ కట్టారు. పర్దా పాటించే స్త్రీలకు అక్కడ ప్రత్యేక ఏర్పాట్లుండేవి. అక్కడి నుంచి మూసీ దాటి మలక్‌పేట, డబీర్‌పురా, యాఖుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా మీదుగా మహబూబ్‌నగర్, కర్నూలు వైపు మీటర్‌గేజ్ బండ్లు నడిచాయి. అదే కాచిగూడ నుంచి ఉత్తరానికి అజంతా ఎక్స్‌ప్రెస్ ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్‌కు, మీనాక్షి ఎక్స్‌ప్రెస్ అజ్మీర్ మీదుగా జైపూర్‌కు వెళ్లేవి. ఔరంగాబాద్‌లో చుట్టాలను చూడాలన్నా, అజ్మీర్ జియారత్‌కు పోవాలన్నా పాతబస్తీ వాళ్లకు ఆ స్టేషనే దగ్గర.

1990వ దశకంలో బ్రాడ్‌గేజ్ రాకతో ఇక్కడి మీటర్‌గేజ్ పట్టాలు పోయాయి. దారి మాత్రం పోలేదు. 2004లో అదే దారిలో ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఉమ్దానగర్ దాకా సాగింది.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. రైళ్లు తక్కువ, వేళకు రావు అన్నది ఎంఎంటీఎస్ ప్రయాణికుల పాత ఫిర్యాదు. కరోనా కాలంలో 2020 మార్చిలో ఆగిన రైళ్లు మళ్లీ కదిలింది 2021 జూన్‌లోనే. పదిహేను నెలలు రైలు లేకపోతే కూలికి, కాలేజీకి పోయేవాళ్లు ఆటోలు, బైకులు వెతుక్కోక తప్పదు. అలా ఒకసారి అలవాటు మారితే వాళ్లను తిరిగి స్టేషన్‌కు తేవడం తేలిక కాదు. జనం ఎక్కడం లేదని రైళ్లు తగ్గిస్తారు. రైళ్లు లేవని జనం ఎక్కడం మానేస్తారు. పట్టాలు పీకకుండానే ఒక లైను పాడుబడేది ఇలాగే.

మెట్రో రావాల్సిందే, అది పాతబస్తీ హక్కు. కానీ అది వచ్చేదాకా చేతిలో ఉన్న రైలును వదులుకోనక్కర్లేదు. ఉదయం, సాయంత్రం నమ్మకంగా నడిచే బండ్లు, ఆడవాళ్లు భయం లేకుండా పోయేలా స్టేషన్ దారుల్లో లైట్లు, బస్తీల నుంచి స్టేషన్లకు చిన్న బస్సులు కావాలి. వీటికి ఇళ్లు కూల్చే పని లేదు, కొత్త లైను వేసే పనీ లేదు. కార్పొరేటర్ నుంచి ఎంపీ దాకా ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఒక్కరినీ మెట్రోతో పాటు ఈ రైలు గురించీ అడగాలి.