విన్నవారు చదివినట్టేనా?

ఆదివారంనాడు ఆబిడ్సు ఎలా వుంటుందో హైదరాబాదువారికి నేను చెప్పనక్కరలేదు. పైవూళ్ల పాఠకులకోసం చెబుతాను. వారానికి ఆరురోజులూ బట్టలకొట్లకూ చెప్పులకొట్లకూ వచ్చే జనంతో కాలుపెట్టడానికి చోటుండని ఆ రోడ్డుమీద, ఆదివారం కొట్లు తలుపులు మూసుకుంటాయి. ఆ మూసిన తలుపులముందు, పేవ్‌మెంటుమీద పట్టాలు పరిచి పాతపుస్తకాలవాళ్లు దుకాణం పెడతారు. ఆరవ నిజాముగారి కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మీనియన్ ఇక్కడ కొట్టు పెట్టడంవల్ల ఈ పేటకు ఆ పేరు వచ్చింది. ఆయన కొట్టు పోయింది, పేరు మిగిలింది. పుస్తకాల సంగతి తలకిందులు. అట్టలు చిరిగి పేర్లు పోతాయి, లోపలి సరుకు మిగులుతుంది.

పోయిన నెలలో ఒక ఆదివారం నేను అక్కడ వంగి పుస్తకాలు తిరగేస్తూవుంటే, "నమస్తే మేడమ్" అని వినబడింది. మా కాలేజీ అమ్మాయే. బి.కాం. రెండో సంవత్సరం. ఆ పిల్లకు నేను పాఠం చెప్పను. ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుంది. మార్కులు బాగా పడతాయని మన పిల్లల్లో చాలామంది చేసే పనే అది. ఆ ఒక్క పిల్లను అని లాభంలేదు. ఆమె చేతిలో ఒక తెలుగు నవల వుంది. ఈమధ్య వచ్చినదే, అప్పుడే పేవ్‌మెంటు చేరింది.

"ఇది మొత్తం విన్నాను మేడమ్, మెట్రోలో వస్తూ పోతూ. పదకొండు రోజులు పట్టింది. చివర్లో ఏడుపొచ్చి, దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను" అంది.

"మరి పుస్తకం ఎందుకమ్మా?"

"కొని దగ్గర పెట్టుకుందామని. తెలుగు చదవడం వచ్చుగానీ, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి మేడమ్. పేజీకి పావుగంట పడుతుంది" అని నవ్వి, "అయినా, విన్నా చదివినట్టే కదా?" అని అడిగింది.

ఇరవైయేళ్లుగా పాఠాలు చెబుతున్న నోరు. ఆలోచించకుండానే జవాబు చెప్పేసింది: "అదెలా అవుతుందమ్మా? వినడం వినడమే, చదవడం చదవడమే."

ఆ పిల్ల తల వూపింది. నవలను మళ్లీ కుప్పలో పెట్టి, "వస్తాను మేడమ్" అని వెళ్లిపోయింది.

నేను నాంపల్లి వైపు నడిచాను. 2018లో మెట్రోరైలు వచ్చినప్పటినుంచి ఆబిడ్సు పుస్తకాలతో ఇంటికి పోవడానికి నాకు అదే దారి. రైలులో కూర్చుని చూస్తే పెట్టెలో సగంమంది చెవుల్లో ఏదో ఒకటి వుంది. పాటలు వింటున్నారో, పాఠాలు వింటున్నారో, ఎవరైనా నవలే వింటున్నారో నాకేం తెలుసు? తెలిసిందల్లా ఒకటే. తన డబ్బుతో తెలుగు నవల కొనబోయిన పిల్లచేత దాన్ని కింద పెట్టించిన తెలుగు లెక్చరర్ని నేను. ఆ మాట ఇల్లు చేరేవరకూ గుచ్చుతూనేవుంది.

ఇంట్లో మా అత్తగారున్నారు. ఆవిడకు డెబ్బైయెనిమిదేళ్లు. కంటిలో రెటీనా మధ్యభాగం దెబ్బతింది. మనిషి వస్తే పోలిక పడతారు, గడప కనిపిస్తుంది, అక్షరం మాత్రం కనిపించదు. ఒకప్పుడు వారపత్రిక ఇంటికి వచ్చిన రోజున వంట ఆలస్యమయ్యేదని మా వారు ఇప్పటికీ చెబుతారు. సీరియలు కాగితాలు చింపి, దాచి, కుట్టించిన బైండ్లు ఆవిడ పెట్టెలో వున్నాయి. ఆవిడకు ప్రతిరాత్రీ భోజనాలయ్యాక అరగంట చదివి వినిపించడం ఏడాదిగా నాకు అలవాటు. ఇలా చదివి వినిపిస్తున్నదాన్నే, ఆ పిల్లతో ఆ మాట ఎలా అన్నానో! మా అత్తగారు వినడంలేదు, చదువుతున్నారనే నేను ఇన్నాళ్లూ అనుకున్నాను మరి.

మొదట చదివి వినిపించినది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’. 2019లో తానావారి నవలల పోటీలో బహుమతి పొందినది. 2021లో సినిమాకూడా అయింది. కరువులో గడ్డీ నీరూ దొరక్క, గొర్రెలను నల్లమల అడవికి తోలుకుపోయి అక్కడే కొన్ని వారాలు వుండడాన్ని కొండపొలం పోవడమంటారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రవాడు తండ్రివెంట అలా అడవికి పోయి, తిరిగివచ్చేసరికి వేరే మనిషి కావడం అందులో కథ. మా అత్తగారి పుట్టిల్లు కడప జిల్లా. మాది కరీంనగర్ వైపు. రెండురోజులు ఓపికపట్టి మూడోనాడు ఆవిడ అనేశారు:

"ఏందిమ్మా, రేడియోలో వార్తలు సదివినట్టు సదువుతాండావే! మా గొర్లకాపర్లు అట్టా మాట్టాడర్లే."

ఆ పక్కనే నేను చదివిన మాటలనే ఆవిడ తన యాసలో అని చూపించారు. అంతకుముందు నేను ఆ నవలను రెండుసార్లు చదివాను, క్లాసులో దానిమీద మాట్లాడాను. ఆ సంభాషణలో అంత వెటకారం, దాని వెనక అంత భయం వున్నాయని నాకు తోచనేలేదు. అచ్చులో వున్నది మాటే. ఆ మాట విరుపూ సాగదీతా అచ్చులో లేవు.

తరువాత పెద్దింటి అశోక్‌కుమార్‌గారి ‘జిగిరి’ పట్టుకున్నాము. కొంత పాతదే అయినా నాకు ఇష్టమైన నవల. ఎలుగుబంటిని ఆడించి బతికే ఒక ముస్లిం కుటుంబం. కన్నబిడ్డలా పెరిగిన ఆ జంతువును వదిలించుకుంటేగాని భూమి దక్కదనే పరిస్థితి. ఇది మా వైపు మాట. ఈసారి నేను చదువుతూవుంటే ఆవిడకు కళ్లు చెమర్చాయి. కొన్ని మాటలకు అర్థం అడిగారుగాని, చదివే తీరు బాగాలేదని అనలేదు. గొంతు నవల పుట్టిన నేలదైతే, తెలియని మాటలుకూడా సగం తెలుస్తాయని ఆ వారం మా యింట్లో రుజువైంది.

అయితే ప్రతి నవలా చెవికి పనికొస్తుందని నేననను. బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’ 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం పొందింది. పద్ధెనిమిదో శతాబ్దపు రాయలసీమను, రాజులనూ పాలెగాళ్లనూ వాళ్ల కాళ్లకింద నలిగిన మనుషులనూ అంత పెద్దయెత్తున చూపిన నవలలు తక్కువ. కాని అందులో మనుషులు చాలామంది. "వీడెవడు? ఇంతకుముందు వచ్చాడా?" అని మా అత్తగారు అడగడం, నేను నలభై పేజీలు వెనక్కి వెళ్లి వెతకడం. కంటితో చదివేవారికి పేజీ వెనక్కి తిప్పడం ఒక నిమిషం పని. ఫోనులో వినేవారు ఆ మనిషిని ఎక్కడని వెతుకుతారు? అటువంటి నవల ఆడియోలో పెట్టదలచినవారు ప్రతి అధ్యాయంముందూ ఎవరెవరో ఒక నాలుగు మాటలు చెబితే పుణ్యముంటుంది.

మధురాంతకం నరేంద్రగారి ‘మనోధర్మపరాగం’ సంగతి వేరు. 2022లో అకాడెమీ బహుమానం దానికి వచ్చింది. దేవదాసీ కుటుంబాల స్త్రీలు, వాళ్ల సంగీతం, వాళ్లను లోకం చూసిన తీరు అందులోని విషయం. మనోధర్మమన్న మాటే సంగీతంవాళ్లది. పాడేవారు అప్పటికప్పుడు తమ బుద్ధితో కల్పించి పాడేదాన్ని అలా అంటారు. ఇది చెవికోసమే పుట్టిన నవల అనిపిస్తుంది. కాని సంగీతం పేర్లు నోరుతిరగని గొంతు చేతికి దీన్ని ఇవ్వకూడదు. నేను చదివేటప్పుడు రెండుచోట్ల తడబడ్డాను. మా అత్తగారు దయతో ఊరుకున్నారు.

ఇక బజారులో దొరికే ఆడియోపుస్తకాల మాట. ఆ పిల్ల ఏడిచిన నవలను నేనూ విన్నాను. పేరు చెప్పను; చెబితే చేసినవారెవరో తెలిసిపోతుంది. చదివినామె గొంతు తీయగావుంది, ఉచ్చారణ శుద్ధంగావుంది. ఆ శుద్ధమే చిక్కు. పల్లెటూరి ముసలమ్మా, పట్నం ఆఫీసరూ ఒకేలాగ మాట్లాడారు. దుఃఖం వచ్చినప్పుడల్లా వెనకనుంచి వేణువు మోగింది. వేణువు మోగినప్పుడల్లా నాకు దుఃఖం ఆగిపోయింది. అన్నిటికంటె కష్టం కలిగించిన సంగతి, రెండు అధ్యాయాలు కుదించేశారు. కుదించామని ఎక్కడా చెప్పలేదు. మూడువందల పేజీల నవల నిదానంగా చదివితే పదిగంటల పైమాటే. స్టూడియో ఖర్చు నాకు తెలియనిది కాదు. కుదించదలిస్తే కుదించండి, కాని కుదించామని చెప్పండి. సంగ్రహాన్ని నవలగా అమ్మడం పాలలో నీళ్లు కలపడమే.

ఇంకొక మాట. నేను మా అత్తగారికి చదివి వినిపిస్తే అడిగేవారు లేరు. అదే నా గొంతుతో రికార్డు చేసి లోకానికి వదిలితే రచయిత అనుమతి కావాలి. మన దేశంలో రచయిత పోయిన తరువాత అరవైయేళ్లవరకూ ఆ హక్కు ఆయన వారసులది. అనుమతి లేకుండా ఫోనుల్లో తిరుగుతున్న నవలలు ఎన్నో మీకూ తెలుసు. నాలుగేళ్లు కష్టపడి వ్రాసినవారికి ఒక్క పైసా రాకుండా, "ఉచితంగా వినండి" అనడం సాహిత్యసేవ కాదు. చూపులేనివారి విషయం మాత్రం వేరు: 2012లో చట్టాన్ని సవరించి, వారికోసం పుస్తకాలను చదవగలిగే, వినగలిగే రూపాల్లోకి మార్చడానికి వీలు కల్పించారు. అటువంటి పుస్తకాలకోసం ‘సుగమ్య పుస్తకాలయ’ అనే గ్రంథాలయం ఇంటర్నెట్టులో 2016నుంచి వుంది. మీ ఇంట్లో అవసరమైనవారుంటే కనుక్కోండి.

ఇంత చెప్పాక, అసలు ప్రశ్న మిగిలేవుంది. వింటే చదివినట్టా, కాదా?

మన సంగతి చూస్తే, నవల వచ్చిన కొత్తలోకూడా అది చెవిని వదలలేదు. ఇంట్లో ఒకరు చదువుతూవుంటే, వత్తులు చేసుకుంటూ అమ్మమ్మలూ, కూరగాయలు తరుగుతూ కోడళ్లూ వినేవారు. ఆ అమ్మమ్మల్లో ఎంతమందికి అక్షరాలు వచ్చు? సీరియలు ఏ వారం ఎక్కడ ఆగిందో మాత్రం వారికి కంఠతా వుండేది. అంతెందుకు, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ 1934లో ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకుంది. అంత పెద్ద నవలను ఆయన తన చేత్తో వ్రాయలేదు. ఆయన చెబుతూవుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాశారు. అంటే ‘వేయిపడగల’ను అందరికంటె ముందు అందుకున్నాయన దాన్ని విన్నాడు. ఆయనను పట్టుకుని, నీవు చదవలేదయ్యా అనగలమా?

కనుక ఆ పిల్లకు నేను చెప్పిన జవాబు తప్పు. అయితే పూర్తిగా తప్పూ కాదు. వినడంవల్ల కథ వస్తుంది, భాష వస్తుంది, ఏడుపుకూడా వస్తుంది. అక్షరం రాదు. మా అత్తగారికి కన్ను లేక చెవి ఆధారమైంది. ఆ పిల్లకు రెండు కళ్లూ వున్నాయి. తెలుగు విని ఏడవగలిగి, తెలుగు బోర్డు చదవడానికి తడుముకునే పిల్లలు ఈ నగరంలో ఇంటికొకరు తయారవుతున్నారు. రేపు ఎవరైనా రికార్డు చేసిన నవలలే వాళ్లకు నవలలు. చేయనివి లేనట్టే. ఆబిడ్సు పేవ్‌మెంటుమీద వున్నవాటిలో అధికభాగం ఎవరూ రికార్డు చేయనివి.

తరువాతి ఆదివారం వెళ్లి చూస్తే ఆ ప్రతి లేదు. కొత్తది ఒకటి కొన్నాను. సోమవారంనాడు ఆ పిల్లను స్టాఫ్‌రూముకు పిలిచి చేతిలో పెట్టి, "నేనన్నమాట తప్పమ్మా. విన్నావు, అది చదవడమే. కాని సగం. ఇప్పుడు ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకుని మళ్లీ విను. గొంతు వెంట వేలు పోనీ" అన్నాను.

"మేడమ్, చిన్నపిల్లల్లా వేలు పెట్టా?" అని నవ్వింది.

"మెట్రోలో ఎవరూ చూడరులే. అందరూ ఫోనులు చూసుకుంటూ వుంటారు."

మూడు వారాలయింది. పేజీకి పావుగంట పట్టేది ఇప్పుడు ఏడెనిమిది నిమిషాలు పడుతోందట. మొన్న వచ్చి నాకే ఒక ప్రశ్న వేసింది: "మేడమ్, పుస్తకంలో వున్న రెండు చాప్టర్లు ఆడియోలో లేవు. ఎందుకు తీసేశారు?"

ఆ రెండు అధ్యాయాలూ ఆ పిల్ల గొంతు సాయం లేకుండా తనే చదువుకుంది. ఎంతసేపు పట్టిందని నేను అడగలేదు.