ప్రాక్సీ, లోకల్ ఫైళ్ల వాడకంపై సర్వసభ్య సమావేశ తీర్మానం

ఆబిడ్స్, నాంపల్లి పరిసరాల్లో మేడమీది గదులు అద్దెకు తీసుకొని రోటో, పెయింట్, కంపోజిటింగ్ పనులు చేసుకుంటున్న సభ్యులందరూ ఆదివారం ఉదయం ఆబిడ్స్‌లో సమావేశమయ్యారు. కింద ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బేరాలు సాగుతుండగా పైన జరిగిన చర్చ అనంతరం ఈ తీర్మానం ఆమోదించడమైనది.

ఒరిజినల్ ప్లేటు బరువెంతో సభ్యులకు చెప్పనక్కరలేదు. అయినా వాదన వచ్చింది గనుక లెక్క తేల్చి రికార్డు చేస్తున్నాం. 4096 × 2160 కొలతలో, 16 బిట్ల ఈఎక్స్ఆర్ ఫ్రేము మూడు రంగుల చానళ్లతో, కుదింపు లేకుండా, దాదాపు 53 మెగాబైట్లు. అయిదు సెకన్ల షాటంటే 120 ఫ్రేములు, 6 గిగాబైట్ల పైమాటే. మన గదుల్లో ఉన్నది గిగాబిట్ నెట్‌వర్క్, దాని గరిష్ఠ వేగం సెకనుకు 125 మెగాబైట్లు. అంటే సర్వర్ నుంచి ఒక్కరే లాగినా సెకనుకు రెండు ఫ్రేములు దాటవు. అదే తీగ మీద ఆరుగురు కూర్చుంటే, ప్లే నొక్కి మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి ఐస్‌క్రీం తిని రావచ్చు.

ప్రాక్సీ చేసుకుంటే, అంటే ప్లేటును సగం కొలతకు, 2048 × 1080కి దించితే, ఫ్రేము బరువు నాలుగో వంతుకు, సుమారు 13 మెగాబైట్లకు పడిపోతుంది. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో లోకలైజ్ చేసుకుంటే అసలు సైజు ఫైలే మన డిస్కులోకి నకలై, మాటిమాటికీ సర్వర్ తలుపు తట్టే పని తప్పుతుంది. ఈ రెండూ లేకుండా మన గదుల్లో పని నడవదని సభ గుర్తించింది. సీనియర్లలోనూ కొందరికి తెలియని సంగతి ఒకటి ఇక్కడే బయటపడింది. ప్లేటును చదివే రీడ్ నోడ్‌లో ప్రాక్సీ ఫైలు దారి ఇవ్వకుండా ఊరికే ప్రాక్సీ మోడ్ నొక్కితే, న్యూక్ ముందు పెద్ద ఫైలునే చదివి ఆ తర్వాత చిన్నది చేస్తుంది. ప్రాసెసర్‌కు ఊపిరి ఆడుతుంది గాని నెట్‌వర్క్ మీద బరువు రవ్వంత కూడా తగ్గదు.

ఈ తీర్మానానికి అసలు కారణం మాత్రం వేరు. ఒక సభ్యుడు లేచి తన గదిలో జరిగిన పొరపాటును దాచకుండా చెప్పారు. గడువు మీద పడిందని రాత్రి షిఫ్టులో ఎవరో సగం సైజు ప్లేట్లను ప్రాక్సీ గడిలో కాకుండా నేరుగా ఫైలు గడిలోనే పెట్టి, కింద ఒక రీఫార్మాట్ తగిలించి పని కానిచ్చారు. ఫైనల్ రెండర్ 4096 గానే వచ్చింది. ఫ్రేముల సంఖ్య కూడా సరిపోయింది. షాట్లు వెళ్లిపోయాయి. రంగులు దిద్దే డీఐ గదిలో పెద్ద తెర మీద వేస్తే కథానాయిక ముంగురులు మైనం పూసినట్టు అతుక్కుపోయి కనిపించాయి. పక్క షాటులో సన్నగా కదులుతున్న గ్రెయిన్ ఈ షాటుకు వచ్చేసరికి బొంబాయి రవ్వ అయింది. షాట్లన్నీ వెనక్కి వచ్చాయి, డబ్బు మాత్రం రాలేదు. కాలేజీలో స్నేహితుడికి ప్రాక్సీ పలికి హాజరు వేయించగలిగాం గాని పరీక్ష రాయలేకపోయాం కదా అని వెనక వరసలోంచి ఒక సోదరి అన్నప్పుడు సభ నవ్వింది, ఆ సభ్యుడు తప్ప.

సినిమావాళ్లకు ఈ క్రమశిక్షణ కొత్తది కాదు. నెగెటివ్ రోజుల్లో ఎడిటర్ కోసింది, అతికింది, గీతలు పడనిచ్చింది వర్క్ ప్రింటునే. అసలు నెగెటివ్ ల్యాబులో భద్రంగా ఉండేది. కూర్పు ఖాయమయ్యాక అంచు మీది నంబర్లు సరిచూసుకొనే నెగెటివ్ మీద కత్తెర పెట్టేవారు. మనకు ఆ అంచు నంబరు ఫైలు పేరే.

కనుక ఈ సభ తీర్మానించడమేమనగా:

అసలు ప్లేటు సర్వర్‌లో ఒకే చోట, చదివేందుకు మాత్రమే అనుమతితో ఉండాలి. ప్రాక్సీలకు దాని పక్కనే వేరే ఫోల్డరు ఉండాలి. షాటు పేరు, ఫ్రేము నంబర్లు ఒక్క అంకె తేడా లేకుండా కలవాలి, సైజు ఎంతో పేరులోనే తెలియాలి. సగం సైజు ఫైలును ఫైలు గడిలో పెట్టడం ఎంతటి తొందరలోనైనా నిషిద్ధం.

ప్రాక్సీలు కూడా ఈఎక్స్ఆర్‌లో, లీనియర్‌లోనే చేయాలి. జేపెగ్ తేలికే, కాని ఎనిమిది బిట్లలో మంటలు, దీపాల వెలుగు పైన తెగిపోతుంది. పైగా రీడ్ నోడ్‌లో కలర్‌స్పేస్ సెట్టింగు రెండు ఫైళ్లకూ ఒక్కటే కాబట్టి ఒకటి సరిగా కనిపిస్తే రెండోది తప్పుతుంది.

క్రిప్టోమ్యాట్‌కు ప్రాక్సీ చేయరాదు. అక్కడ పిక్సెల్‌లో ఉన్నది రంగు కాదు, వస్తువు గుర్తింపు సంఖ్య. రాముడి నంబరూ సోముడి నంబరూ కూడి సగం చేస్తే వచ్చేది ఏ ఊరి మనిషిదీ కాదు. డెప్త్ పాస్ అంచుల్లోనూ ఇదే గండం. కీయింగ్, జుట్టు అంచులు, గ్రెయిన్ మాత్రం అసలు సైజులో, నూరు శాతం జూమ్‌లో చూశాకే ఫైనల్‌గా పంపాలి.

పాత వెర్షన్ పేరు మీద కొత్త రెండర్ రాయరాదు. సర్వర్‌లో వి004 ఫ్రేములు మార్చినా, లోకలైజ్ చేసుకున్న మనిషి డిస్కులో నిన్నటి వి004 ఇంకా మిగిలి ఉండవచ్చు. ఇద్దరూ ఫోనులో ఒకే పేరు చెప్పుకుంటూ రెండు బొమ్మలు చూస్తుంటారు. మార్పు ఎంత చిన్నదైనా వి005 కావాలి. ప్రీకంప్‌లు లోకల్ డిస్కులోనే ఉండిపోవడం కూడా ఇకపై కుదరదు. అక్కడ ఉండేది నకలు, ఎప్పుడు తుడిచేసినా ఎవరికీ నష్టం ఉండకూడదు.

నాంపల్లి సభ్యుల విన్నపం విడిగా చేర్చడమైనది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు చేరిన నుమాయిష్ మీద ఎవరికీ కోపం లేదు. కాని అది మామూలుగా జనవరి 1న తెరుచుకుంటుంది, సంక్రాంతి సినిమాల చివరి షాట్లు వెళ్లాల్సిందీ ఆ రోజుల్లోనే. చీకటి పడ్డాక హార్డ్ డిస్కు సంచిలో వేసుకొని జూబ్లీహిల్స్ బయల్దేరిన కుర్రాడు ఆ రద్దీలో గాంధీభవన్ దాటేసరికే తల ప్రాణం తోకకు వస్తుంది. ఆ వారాల్లో అసలు సైజు డిస్కులు మధ్యాహ్నం 3 గంటలలోపు గది దాటాలి. సాయంత్రం నెట్ ద్వారా పంపే ప్రాక్సీల మీద వచ్చే ఓకే, టైమింగుకు, కూర్పుకు మాత్రమే చెల్లుతుంది, అంచులకు చెల్లదు.

కోర్టు కాగితం నకలుకు నోటరీ ముద్ర ఎలాగో డిస్కులోకి ఎక్కించిన ఫైళ్లకు చెక్‌సమ్ అలాగని ప్రతిపాదన రాగా, రాత్రి వేళ అంత సమయం ఎక్కడిదని ఇద్దరు వ్యతిరేకించారు. ఫైనల్ డెలివరీలకు మాత్రం తప్పనిసరి అన్న సవరణతో అది నెగ్గింది. తప్పు జరిగితే రోటో జూనియర్ల మీదికి నెట్టరాదని, ఫైనల్ పంపినవారే జవాబుదారులని చివరి అంశంగా, ఎవరూ అభ్యంతరం చెప్పకుండా ఆమోదించారు.

ఈ తీర్మానం నేటి రాత్రి షిఫ్టు నుంచే అమలులోకి వస్తుంది. సభ్యులందరూ సీట్లో కూర్చోగానే ముందుగా తమ స్క్రిప్టుల్లోని రీడ్ నోడ్‌లు తెరిచి, ఫైలు గడిలో ఏముందో ఒకసారి చూసుకోవలసిందిగా మనవి.