గుంటూరు మిషను బడులు – ఎవరూ వ్రాయని పుట

గుంటూరు మిషను బడుల మాట ఎత్తగానే ఒకరు సేవ అంటారు, మరొకరు మతమార్పిడి అంటారు. రెండూ ఉన్నవే. 1842లో అమెరికా లూథరన్ల పక్షాన వచ్చిన హేయరు దొర ఇక్కడ బడులు తెరిచాడు. 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలసింది. ఈ పేర్లూ తేదీలూ ఎక్కడైనా దొరుకుతాయి.

అక్కడ తెలుగు చెప్పినవారి మాటేమిటి? లూథరన్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో జాషువా పదేళ్ళు పనిచేశారు. ఊరు అంటరానివాడన్న కవి అక్కడ పంతులుగారు! ఈ ఒక్క సంగతికే ఆ బడిపై ఒక గ్రంథం వ్రాయవచ్చు. (మా తెలుగు పండితుల జీతాల గోల ఇక్కడ వద్దు లెండి.)

మిరప చేల నుండి వచ్చి హాస్టళ్ళలో చేరిన పిల్లలు ఏ పద్యాలు వల్లించారు, పంక్తిలో ఎవరి సరసన కూర్చున్నారు? మిత్రులారా, మీ ఇంటి పెద్దలు అక్కడ చదివి ఉంటే అడిగి మీ బ్లాగులలో వ్రాయండి. వారిలో చాలామందికి ఎనభై దాటాయి.