అడవిని కాచే చిరుమీనం

విదేశాలలోని మన తెలుగు ఇండ్లలో చేపల తొట్టె కొత్త వస్తువు కాదు. అందులో ఎరుపు, నీలి చారలతో మెరిసే కార్డినల్ టెట్రా పిల్లలకు ప్రీతిపాత్రమైనది. రెండంగుళాలైనా లేని ఈ చేపకు ముఖ్యమైన పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో, అనగా 'నల్ల నది'. అడవిలో రాలిన ఆకుల సారం దిగి, ఆ నీరు తేనీటి రంగులో ఉంటుంది. అందులో లవణాలు అత్యల్పం, ఆమ్లగుణం అధికం.

ఈ చేపలు తొట్టెలో సంతానాన్ని పొందాలంటే అటువంటి నీటినే మనం సమకూర్చాలి. లవణాలు తీసిన నీటిలో ఎండిన బాదం ఆకులు నానబెట్టడం సులభమైన మార్గం. మన ఊళ్ళలో పెరటి నుండి ఊడ్చి పారవేసే ఆ ఆకులే నేడు అక్వేరియం దుకాణాలలో పొట్లాలు కట్టి అమ్ముతున్నారు! గుడ్లు వెలుతురును ఓర్వలేవు కనుక తొట్టెను చీకటిగా ఉంచాలి. పెద్ద చేపలే గుడ్లను తినివేస్తాయి కనుక వాటిని వెంటనే వేరు చేయాలి. సుమారు ఒక రోజులో గుడ్లు పొదుగుతాయి. ఈదసాగిన పిల్లలకు సూక్ష్మజీవులే తొలి ఆహారం. మన పిల్లలకు ఇంతకు మించిన జీవశాస్త్ర పాఠం ఉండదు.

అయితే ఇంటి పెంపకం వేరు, వ్యాపారపు పెంపకం వేరు. కొనేటప్పుడు పెంపక కేంద్రాలలో పుట్టిన చేపనే కొనడం ప్రకృతికి మేలని పలువురి నమ్మకం. ఈ చేప విషయంలో అది సరికాదని నా అభిప్రాయం. బ్రెజిల్‌లోని బార్సెలోస్ ప్రాంతపు జాలరులు చిన్న పడవలలో తిరిగి, చేతివలలతో వీటిని పట్టి జీవిస్తున్నారు. ఏటా వరద తీసినప్పుడు గుంటలలో చిక్కి అసంఖ్యాకంగా చనిపోయే చేపలివి. మితంగా పట్టినందువలన జాతికి ముప్పు రాదు. అడవి నిలిస్తేనే చేప, చేప ఉంటేనే కూడు అని ఎరిగినవారు అడవిని కాపాడుకొంటారు. ఆ ఆదాయం పోయిననాడు కలప నరకడమో, బంగారం తవ్వడమో వారికి గతి అవుతుంది. 1989లో డాక్టర్ లాబిష్ చావ్ ఆరంభించిన 'ప్రాజెక్టు పియాబా' ఈ సంగతినే లోకానికి చాటుతున్నది.

దూరప్రయాణంలో కొన్ని చేపలు చనిపోవా అని అడుగవచ్చు. నిజమే. కాని పెంపక కేంద్రాల చేపలు కూడ ఖండాలు దాటియే వస్తున్నవి. అందుచేత దుకాణదారును రెండు ప్రశ్నలడగాలి: ఇవి ఏ నది చేపలు? వచ్చిన తరువాత ఎన్నాళ్ళు విశ్రాంతినిచ్చారు? సమాధానం చెప్పగలిగినవాని వద్ద వెల కొంత హెచ్చయినా రియో నీగ్రో చేపనే కొనాలి. ఆ హెచ్చు వెలలో కొంతయినా అడవికి కావలి కాస్తున్న జాలరి ఇంటికి చేరుతుంది.