వాకిలి తెరిచే ఒక్క మాట

2017 జనవరి ప్రారంభంలో పలు దేశాలలోని వ్యాపారులు, సంస్థల నిర్వాహకులు తమ కంప్యూటర్లలోని డేటాబేస్‌లను తెరిచి చూచి నిర్ఘాంతపోయారు. లెక్కలు లేవు. ఖాతాదారుల పట్టికలు లేవు. వాటి స్థానంలో ఒక చీటీ మాత్రం మిగిలి ఉన్నది. సమాచారం తమ వద్ద ఉన్నదనీ, తిరిగి కావలసినవారు 0.2 బిట్‌కాయిన్ చెల్లించవలసిందనీ దాని సారాంశం. సొమ్ము చెల్లించినవారిలో సైతం కొందరికి ఏమీ తిరిగి రాలేదు. దోపిడీదారులు అనేక చోట్ల సమాచారాన్ని నకలు తీసుకొననే లేదు, కేవలం చెరిపివేశారు. కొద్దిరోజులలోనే బాధితమైన మాంగోడీబీ డేటాబేస్‌ల సంఖ్య 20,000 దాటింది.

విచిత్రమేమంటే ఇందులో తాళం పగులగొట్టిన దొంగ లేడు. ఆ డేటాబేస్‌లు పాస్‌వర్డ్ అడగకుండా, 27017 అనే ద్వారం వద్ద లోకమంతటికీ సమాధానమిస్తూ కూర్చున్నాయి. ఎవరు పిలిచినా పలికాయి. తన యంత్రంలోనివారికి తప్ప అన్యులకు పలకరాదన్న నియమాన్ని దాని తయారీదారులు 2017 చివర వచ్చిన 3.6 సంచికతో అన్నిచోట్లా సహజ నియమంగా చేశారు. అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఈ ప్రమాదానికి విరుగుడుగా కనిపించేది కంటైనర్. 1956లో మాల్కం మెక్లీన్ అనే అమెరికన్ సరకుల రవాణాదారు 58 అల్యూమినియం పెట్టెలను ఓడకెక్కించి న్యూఅర్క్ నుండి హ్యూస్టన్‌కు పంపించాడు. పెట్టెలో ఏమున్నదో ఓడకు అనవసరం. ఈ పోలికనే కంప్యూటర్‌కు అన్వయించి 2013 మార్చిలో సాలమన్ హైక్స్ ‘డాకర్’ను లోకానికి పరిచయం చేశాడు. దానిలో డేటాబేస్‌ను పెట్టెలో పెట్టి నడిపితే, దాని చుట్టూ ఒక ఆంతరంగిక ప్రాకారం ఏర్పడుతుంది. బయటివారికి అది కనిపించదు. యజమాని ప్రత్యేకంగా ఆజ్ఞాపిస్తే తప్ప వాకిలి తెరుచుకోదు.

కాని ప్రోగ్రామరుకు తన ఇంటి నుండే ఆ పట్టికలను చూడాలని ఉంటుంది. ఆ కోరికలో తప్పు లేదు. దానికై ఏర్పడినవే ద్వారం తెరిచే పనిముట్లు. డాకర్ ఆధారంగా నడిచే ‘డోకు’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కొరకు ‘ఎక్స్‌పోజ్’ అనే ఆజ్ఞ ఉన్నది. ఆ మాట పలికినంతనే, డేటాబేస్ పెట్టె పక్కన మరొక చిన్న పెట్టె వెలుస్తుంది. దాని పేరు ‘అంబాసిడర్’, అనగా రాయబారి. బయటి మాటను లోపలికీ, లోపలి మాటను బయటికీ చేరవేయడమే దాని వృత్తి. శ్రీకృష్ణుని వలె ఎదుటివాని అంతరంగం ఎరిగిన రాయబారి కాదిది. వచ్చినవాడు ధర్మరాజో దుర్యోధనుడో విచారించదు.

ఈ ఆజ్ఞను వివరించే పత్రం అసత్యమేమీ చెప్పదు. ద్వారం సంఖ్య ఇవ్వకుంటే యాదృచ్ఛికంగా ఒకటి ఎన్నుకోబడుతుందనీ, అది 0.0.0.0 అనే చిరునామాపై తెరుచుకుంటుందనీ స్పష్టంగానే ఉన్నది. చిక్కంతా ఆ నాలుగు సున్నలలోనే. శూన్యమంటే ఏమీ లేకపోవడమని మనకు తెలిసిన అర్థం. ఇక్కడ దాని అర్థం ‘సర్వం’. యంత్రానికి ఎన్ని దారులున్నాయో అన్ని దారులూ. ఈ ఒక్క సంగతిని ఎరుగని కొత్తవాడు ఆ పంక్తిని నిర్భయంగా దాటిపోతాడు.

యాదృచ్ఛిక సంఖ్య రహస్యమనుకోవడం మరొక భ్రమ. ఒక యంత్రానికి ఉండగల ద్వారాలు 65,535 మాత్రమే. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిర్మించిన ‘జీమ్యాప్’, సాధారణ ఇంటర్నెట్ చిరునామాలన్నిటిలోనూ ఒక ద్వారాన్ని 45 నిమిషాలలోపే తట్టి రాగలిగింది. అటువంటప్పుడు ఒకే యంత్రం చుట్టూ ప్రదక్షిణ చేయడం ఎంతసేపు?

ఉబుంటు వాడేవారికి ఇంతకంటె సూక్ష్మమైన ఉచ్చు ఒకటున్నది. అక్కడ ‘యూఎఫ్‌డబ్ల్యూ’ అనే కాపలాదారు ఉంటాడు. ఆయనను అడిగితే వాకిలి మూసే ఉన్నదని చెబుతాడు. డాకర్ తెరిచిన ద్వారానికి వచ్చే రాకపోకలు ఆయన వద్దకు చేరకముందే పక్కదారి పడతాయి. డాకర్ పత్రాలలో ఈ మాట ఉన్నది. అయితే ద్వారం తెరిచే ఆజ్ఞ ఒక పుట, ఈ హెచ్చరిక మరొక పుట. రాత్రి పదకొండు గంటలకు అవసరంలో ఉన్నవాడు మొదటి పుట మాత్రమే చదువుతాడు.

న్యాయంగా చెప్పాలంటే డోకు ప్రతి డేటాబేస్‌కూ తానే పాస్‌వర్డ్ కల్పిస్తుంది. 2017 నాటి దుస్థితి దానికి లేదు. కాని అదే పాస్‌వర్డ్ అప్లికేషన్ చేతిలోని చిరునామాలోనూ ఉంటుంది. అది ఎవరి కంటనైనా పడితే, తెరిచిన వాకిలి అప్పుడు వారికి పనికివస్తుంది. 2020 జులైలో జరిగిన ‘మియావ్’ దాడులలో చీటీ కూడా లేదు, బేరమూ లేదు. రక్షణ లేని డేటాబేస్‌లను చెరిపివేసి, పిల్లికూత ఒక్కటి వ్రాసి పోయారు.

ఉపాయం ఆ పత్రంలోనే ఉన్నది. ద్వారం సంఖ్యకు ముందు 127.0.0.1 అని చేర్చితే, ఆ యంత్రంలోనివారు తప్ప మరెవరూ లోనికి రాలేరు. ఇంటి నుండి చూడదలచినవాడు ‘ఎస్‌ఎస్‌హెచ్’ అనే సొరంగ మార్గాన మొదట ఆ యంత్రంలోకి ప్రవేశించి, అక్కడి నుండి డేటాబేస్‌ను చేరవచ్చు. అదనంగా ఒక ఆజ్ఞ వ్రాయవలసి వస్తుంది, అంతే. పని ముగిసిన పిదప ‘అన్‌ఎక్స్‌పోజ్’ అనే మరొక ఆజ్ఞ రాయబారిని వెనుకకు పిలిపిస్తుంది. పత్రంలో దానికి దక్కినవి రెండు పంక్తులు. తెరిచిన వాకిలి దానంతట అది మూతపడదన్న మూడవ పంక్తి అక్కడ ఉండదగినది.