ఊరు మోసే భక్తి

విస్సన్నపేట, తిరువూరు, నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల ఊళ్లలో పిల్లల్ని పైదేశాలకు పంపిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ఒకరి అబ్బాయి టెక్సాస్‌లో ఉంటే పక్కింటి అమ్మాయి జర్మనీలో ఉంటుంది. అమెరికా నుంచి ఫోన్ చేసిన అబ్బాయి ఆదివారం చర్చి ముందు కార్లు పెట్టుకోను చోటు దొరకడం లేదంటాడు. జర్మనీ అమ్మాయి మాత్రం ఆకాశమంత గోపురం ఉన్న చర్చిలో కూడా పట్టుమని పాతికమంది కనబడరని, వాళ్లలోనూ ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లేనని చెబుతుంది. రెండూ డబ్బున్న దేశాలే, బాగా చదువుకున్న దేశాలే. ఇద్దరిదీ ఒకే బైబిలు. అయినా ఇంత తేడా ఎందుకన్నది పెద్దవాళ్ల సందేహం. ఆ సందేహానికి సమాధానం వెతికితే మన గుడికీ మన చర్చికీ పనికొచ్చే సంగతులు దొరుకుతాయి.

జర్మనీలో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్లు చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం గడి ఒకటి ఉంటుంది. కాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే కట్టే ఆదాయపు పన్నులో 8 లేదా 9 శాతం అదనంగా చర్చి పన్ను పడుతుంది. ఉద్యోగస్తులకైతే జీతం చేతికి రాకముందే కోసేస్తారు. వద్దనుకుంటే కోర్టుకో రిజిస్ట్రారు ఆఫీసుకో వెళ్లి చర్చి నుంచి తప్పుకుంటున్నానని సంతకం పెట్టాలి. విశ్వాసం అక్కడ మనిషికి సర్కారు కాగితంగా ఎదురవుతుంది.

ఇది నిన్నమొన్న వచ్చింది కాదు. యూరప్‌లో చాలాకాలం రాజుగారి మతమే ప్రజల మతం. 1618 నుంచి 1648 దాకా ముప్ఫై ఏళ్లు మతం పేరిట, రాజ్యాల పేరిట నెత్తురు పారింది. ఇంగ్లండులో ఈనాటికీ చర్చికి పెద్ద రాజే. 26 మంది బిషప్పులు పార్లమెంటు ఎగువ సభలో కూర్చుంటారు. స్వీడన్‌లో చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసింది 2000లో. ఇలా పెత్తనంతో కలిసి నడిచిన చోట, పెత్తనం మీద జనానికి వచ్చిన కోపంలో మతానికీ వాటా దక్కింది. ఫ్రాన్సు 1905లో చట్టం చేసి మరీ తెగదెంపులు చేసుకుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 46.2 శాతమే. సగానికి తగ్గడం అదే మొదటిసారి.

అమెరికా వేరే దారి పట్టింది. 1791లో రాజ్యాంగానికి చేసిన మొదటి సవరణతో దేశానికంటూ అధికార మతం లేకుండా పోయింది. రాష్ట్రాల్లో చివరిగా మసాచుసెట్స్ 1833లో ఆ ముడి విప్పేసింది. ఇక పాస్టరుగారి జీతం, చర్చి పైకప్పు, అన్నీ సంఘం చేతుల్లోనే. జనాన్ని ఆదుకున్న చర్చి నిలిచింది, పట్టించుకోనిది మూతపడింది. ఓడ దిగిన ఐరిష్‌వాళ్లకూ ఇటలీవాళ్లకూ కొత్త దేశంలో మొదటి చుట్టం చర్చే. 1970లలో పిట్స్‌బర్గ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో వేంకటేశ్వరాలయం కట్టుకున్న మనవాళ్లదీ అదే కథ. ఇక్కడ ఏడాదికోసారి గుడి మెట్లెక్కినవాళ్లు అక్కడ శనాదివారాల్లో వంటశాలలో పులిహోర కలుపుతారు, పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తారు. తాము పూనుకోకపోతే ఆ గుడి నడవదని వాళ్లకు తెలుసు.

యూరప్, అమెరికా రెండు తీరాల చర్చిలూ మన నేలకు దాదాపు ఒకేసారి వచ్చాయి. 1840లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే నెల్లూరు చేరారు. 1841లో ఇంగ్లండు నుంచి ఆంగ్లికన్ మిషనరీలు ఫాక్స్, నోబుల్ మచిలీపట్నంలో దిగారు. 1842లో అమెరికా లూథరన్ హేయర్ గుంటూరు వచ్చారు. 1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని పస్తులున్నవాళ్లకు కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలోకి రావడం సరికాదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు వెలివేసిన మాదిగపల్లెల మనుషులు తమకూ ఒక గౌరవం ఉందని చాటిన రోజది.

మన ఉమ్మడి కృష్ణా జిల్లా ఆంగ్లికన్ చర్చి చట్టరీత్యా 1930 దాకా ఇంగ్లండు చర్చిలో భాగమే. అయినా దాన్ని నిలబెట్టింది లండన్ ఖజానా కాదు. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య, పేద సంఘమైనా తన కాళ్ల మీద తాను నిలవాలని పట్టుబట్టారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం ఆ బియ్యాన్ని చర్చికి పట్టుకెళ్లిన కూలితల్లులే అసలు స్తంభాలు. కోత పండుగనాడు సొరకాయలు, కోళ్లు, ధాన్యపు బస్తాలు తెచ్చి పెట్టి వేలం పాడుకునే సందడీ అలాంటిదే.

యూరప్, అమెరికాల తేడాకు ఇంకో కారణమూ ఉంది. బతుకు భద్రంగా ఉన్నచోట ప్రార్థన తగ్గుతుందని నారిస్, ఇంగిల్‌హార్ట్ అనే పరిశోధకులు 2004లో వాదించారు. జబ్బు చేస్తే ప్రభుత్వం చూసుకుంటుందనే ధీమా యూరప్‌వాళ్లకు ఉంది. ఆసుపత్రి బిల్లుతో ఇల్లు కూలిపోయే భయం అమెరికాలో ఉంది. అందుకని యూరప్ దారి తప్పిందనడం అన్యాయం. ముసలివాళ్లను, రోగులను దిక్కులేకుండా వదలని సమాజం ఏ దేవుడికైనా ఇష్టమైన పనే చేస్తోంది.

అమెరికా తీరూ మారుతోంది. గాలప్ సర్వేల ప్రకారం ఏదో ఒక ప్రార్థనా మందిరంలో సభ్యులైనవాళ్లు అక్కడ 1999లో 70 శాతం ఉండగా 2020కి 47 శాతానికి పడిపోయారు. పార్టీ రాజకీయాలు మతాన్ని అల్లుకుపోవడంతో మధ్యేమార్గంలో ఉన్నవాళ్లు దూరమవుతున్నారని హౌట్, ఫిషర్ అనే సామాజికవేత్తలు 2002లోనే రాశారు. యూరప్‌లో రాజు చేసిన పనిని అక్కడ ఇప్పుడు పార్టీ చేస్తోందన్నమాట.

మనం నేర్వవలసింది ఇక్కడే ఉంది. చిన్న గుళ్లకు ధూపదీప నైవేద్యాల సొమ్ము ప్రభుత్వం ఇవ్వవలసిందే, అర్చకుడి కడుపు నిండవలసిందే. కానీ శ్రీరామనవమి పందిరి గుంజ పాతవలసింది ఊరివాళ్లే. పానకంలో బెల్లం, మిరియాలు ఎవరింటివో వాళ్లే తేవాలి. రాముడికంటే పెద్దగా నాయకుడి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ పందిరి ముందుకు వచ్చిన రోజున, చర్చి వార్షికోత్సవ వేదిక మీద ఓట్ల మాట వినిపించిన రోజున, దర్గా ఉరుసులో పార్టీ జెండా ఎగిరిన రోజున పెద్దలు సౌమ్యంగానే అయినా వద్దని చెప్పాలి. భక్తిని అధికారానికి అప్పజెప్పిన దేశాలు దాన్ని పోగొట్టుకున్నాయి. గుడికైనా, చర్చికైనా, మసీదుకైనా మన పిడికెడు మనమే వేద్దాం. పెత్తనం మాత్రం ఏ పార్టీకీ ఇవ్వవద్దు.